ఇంటికి, ఇంట్లో వాళ్ళకి పేరు అక్షరాలు చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బారసాలకో, గృహప్రవేశానికో, పిల్లల రూముకో అట్టతోనో చెక్కతోనో పేరు అక్షరాలు కట్ చేసి పెట్టుకోవడం ఈ మధ్య మన తిరుపతి, చిత్తూరు వైపు బాగా ఎక్కువైంది. అందరూ అవే డౌట్లు అడుగుతా ఉన్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడతా ఉన్నా. ఇందులో ఎక్కువ భాగం తెలుగు అక్షరాల గురించే ఉంటుంది, ఎందుకంటే ఇంగ్లీష్ అక్షరాలకు వీడియోలు బోలెడు ఉన్నాయి, మన అక్షరాలకు చెప్పేవాళ్ళు తక్కువ, పైగా కట్ చేసేటప్పుడు మన అక్షరాల పద్ధతే వేరు.

నాకు డ్రాయింగ్ రాదు, చేయగలనా?

చేయగలరు. ఫోన్లోనో కంప్యూటర్లోనో అక్షరం పెద్దగా పెట్టి ప్రింట్ తీయించుకోండి, ఏ4 కాగితంలో ఒక అక్షరం 7 అంగుళాల దాకా వస్తుంది, ఇంకా పెద్దది కావాలంటే జిరాక్స్ షాపులో ఏ3 తీయిస్తారు. వెనక పెన్సిల్ రుద్ది అట్ట మీద పెట్టి గీత మీద గట్టిగా దిద్దితే అచ్చు పడిపోతుంది, కార్బన్ పేపర్ కూడా అక్కర్లేదు. అసలు పొద్దున్నే ముగ్గు పెట్టే అలవాటు ఉండే వాళ్ళకైతే మన అక్షరాల మెలికలు చాలా తొందరగా చేతికి వచ్చేస్తాయి, అట్లాంటి వాళ్ళు ప్రింట్ కూడా వద్దని నేరుగా గీసేస్తారు, ఆ చేతిరాతలో ఉండే అందం ఏ ఫాంట్లోనూ ఉండదు.

పేరు మొత్తం పెట్టాలా, మొదటి అక్షరం చాలా? తెలుగా, ఇంగ్లీషా?

మీ ఇష్టమే, కానీ నన్నడిగితే తెలుగే. ఇంగ్లీష్ అక్షరాలు రెడీమేడ్‌గా దొరుకుతాయి, కొనుక్కొచ్చి రంగేస్తే అయిపోతుంది, అదే తెలుగు అక్షరం అయితే ఎవరో ఒకరు కూర్చుని ఆ పేరు కోసమే చేయాల్సిందే, కాబట్టి అది నిజంగా ఆ మనిషి కోసమే చేసినట్టు ఉంటుంది. ఇంట్లో అవ్వా తాతా కూడా చదవగలరు. మనవరాలి పేరు గోడ మీద వాళ్ళు చదువుకోలేకపోతే ఇంక ఎవరికోసం పెట్టినట్టు చెప్పండి.

ఒకే అక్షరం పెట్టేటట్లయితే 12 అంగుళాలు బాగుంటుంది, పేరు మొత్తం అయితే ఒక్కో అక్షరం 5, 6 అంగుళాలు చాలు. ఇంట్లో నలుగురికీ నాలుగు అక్షరాలు వేరే వేరే రకాలుగా చేసి హాల్లో వరసగా పెట్టుకునే వాళ్ళు కూడా ఉన్నారు, అప్పుడు సైజు ఒకటే ఉంచి రంగో బట్టో మార్చండి, సైజు కూడా మారిస్తే గోడ గజిబిజిగా అనిపిస్తుంది.

తెలుగు అక్షరం కట్ చేస్తే ముక్కలు ముక్కలు అయిపోతా ఉంది, ఏం చేయాలి?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మన అక్షరాల్లో చాలావాటికి విడి భాగాలు ఉంటాయి. ప, ఫ, ష, స, హ తీసుకోండి, చాలా ఫాంట్లలో వీటి తలకట్టు ఒంటికి అంటుకోకుండా పైన విడిగా ఉంటుంది, కాగితం మీద కంటికి తెలీదు కానీ కట్ చేయగానే తలకట్టు ఊడి చేతిలోకి వస్తుంది. ఠ, థ లోపల చుక్క ఉంటుంది, అదీ అంతే. ఇంక వత్తులన్నీ దాదాపు విడి ముక్కలే. పద్మావతి అని రాయండి, అక్షరాలు 4, కానీ కట్ చేస్తే చాలా ఫాంట్లలో 6 ముక్కలు వస్తాయి: ప ఒళ్ళు, దాని తలకట్టు, దా, దాని కింద మ వత్తు, వ, తి. లలిత, రవి లాంటి పేర్లయితే ఈ గొడవే లేదు, ఒక్కో అక్షరం ఒక్కో ముక్కగా వచ్చేస్తుంది. అందుకే మొదటిసారి చేసేవాళ్ళు అట్లాంటి పేరు పట్టుకోండి అని చెప్తాను, ఇంట్లో ప్రసాద్, విష్ణుప్రియ ఉంటే వాళ్ళవి తర్వాత.

దీనికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది, వెనక ఇంకో అట్ట. అక్షరం అంచు నుంచి చుట్టూ 6, 7 మి.మీ. బయటికి పెంచి ఒక నీడలాంటి ఆకారం కట్ చేసి, దాని మీద ముక్కలన్నీ అంటించేయడం, లేజర్ కటింగ్ షాపులో దీన్నే ఆఫ్‌సెట్ అంటారు. వెనకది ముదురు రంగు, ముందుది లేత రంగు పెడితే అక్షరం ఎత్తుగా తేలి కనిపిస్తుంది, ముక్కలు విడిపోవు, పేరు మొత్తం ఒకే పలకగా గోడకు తగిలించొచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. రెండోది, గీసేటప్పుడే తలకట్టును కొంచెం కిందికి జరిపి ఒంటికి అంటించేయడం, కనీసం 5 మి.మీ. వెడల్పు అతుకు ఉండాలి లేదంటే విరుగుతుంది, కానీ వత్తులను మాత్రం ఊరికే పైకి జరిపి అతికించకండి, కొన్ని చోట్ల అక్షరమే మారిపోయినట్టు కనిపిస్తుంది. మూడోది, చెక్క పలకో, మేదర బుట్ట అల్లిక లాంటి చాపో, ఫ్రేమో తీసుకుని ముక్కలు ఒక్కొక్కటిగా దాని మీద పేర్చి అంటించడం.

స్టెన్సిల్ చేసేవాళ్ళకి సమస్య తిరగబడుతుంది. అక్కడ అక్షరం ఉండే చోట ఖాళీ ఉండాలి కదా, అప్పుడు సున్నా లోపలి గుండ్రం, ర లోపలి గుండ్రం ఊడిపోతాయి, వాటిని బయటి అట్టకు పట్టి ఉంచడానికి సన్నటి వంతెనలు రెండు మూడు వదలాలి. రంగు వేశాక ఆ ఖాళీలను బ్రష్‌తో నింపేయొచ్చు.

మంచి తెలుగు ఫాంట్లు ఎక్కడ దొరుకుతాయి?

గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా బోలెడు ఉన్నాయి. కట్ చేయడానికి లావుగా ఉండేవి కావాలి కాబట్టి రామభద్ర బాగుంటుంది, గుండ్రంగా ముద్దుగా పిల్లలకి కావాలంటే బాలూ తమ్ముడు. కొంచెం అలంకారంగా కావాలంటే ధూర్జటి చూడండి, మన శ్రీకాళహస్తి కవి పేరుతోనే ఉంది. మండలి చూడ్డానికి చక్కగా ఉంటుంది కానీ గీత సన్నం, అట్టలో కట్ చేస్తే మెడ దగ్గర విరుగుతుంది. ఇవి ఓపెన్ లైసెన్స్ ఫాంట్లు, వీటితో చేసిన వస్తువులు అమ్ముకున్నా తప్పు లేదు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. మన డీటీపీ షాపుల్లో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలోనే టైప్ చేస్తారు, మీరు వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ పేరు వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్‌లో పెడితే వత్తులు పక్కకు విడిపోయి పొల్లులు తేలి రావచ్చు. అందుకే పీడీఎఫ్ చేసి ఇవ్వండి, లేదా అక్షరాలను కర్వ్స్‌లోకి (అంటే ఫాంట్ అక్కర్లేని ఉత్త గీతల బొమ్మగా) మార్పించి ఇవ్వండి, కటింగ్ మొదలయ్యే ముందు స్క్రీన్ మీద ఒకసారి మీ కళ్ళతో చదివి చూసుకోండి. వేరే వాళ్ళ బిడ్డ పేరు తప్పుగా కట్ అయితే ఆ బోర్డు ఇంక దేనికీ పనికిరాదు.

థర్మాకోల్ తో చేయొచ్చా? చవగ్గా, తేలిగ్గా ఉంటుంది కదా?

వద్దండీ. 2022 జూలై 1 నుంచి దేశం మొత్తం నిషేధించిన సింగిల్ యూజ్ ప్లాస్టిక్ వస్తువుల్లో డెకరేషన్ థర్మాకోల్ కూడా ఉంది. ఇప్పటికీ కొన్నిచోట్ల అమ్ముతా ఉంటారు, ఫంక్షన్ హాళ్ళలో పెడతా ఉంటారు, అంతమాత్రాన అది సరే అనుకోవద్దు. పైగా దాని మీద స్ప్రే పెయింట్ కొడితే ఆ సాల్వెంట్‌కి కరిగి గుంటలు పడుతుంది, తర్వాత పొడి పొడిగా రాలి గాలికి కాలవల్లో పడుతుంది. ఒక్కరోజు ఫంక్షన్ కోసమైతే అట్ట అక్షరాలే చాలు.

అట్టతో లావుగా, బొమ్మలాగా నిలబడే అక్షరం ఎట్లా చేయాలి?

ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు ఇంట్లో పడి ఉంటాయి కదా, అవే తీసుకోండి. ఒకే అక్షరం రెండు ముఖాలు కట్ చేయాలి, వెనక ముఖానికి అక్షరం తిరగేసి గీయాలి, అది మర్చిపోవద్దు. ఆ రెండు ముఖాల మధ్యలో అక్షరం చుట్టూ గోడలాగా 2 అంగుళాల వెడల్పు పట్టీలు. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి పట్టీ సరిగ్గా వంగడమే అసలు పని, అట్ట లోపల ఉండే గాడులు పట్టీ పొడవుకి అడ్డంగా వచ్చేటట్టు కట్ చేసుకుంటే చుట్టినట్టు చక్కగా తిరుగుతుంది, పొడవునా వస్తే మధ్యలో టప్పున మడత పడుతుంది. బాటిల్‌కో చపాతీ కర్రకో ముందే చుట్టి వంపు అలవాటు చేసి తర్వాత అంటించండి.

పైన పాత న్యూస్‌పేపర్ ముక్కలు మైదా బంకతో 3 పొరలు వేయండి, ఒక్కో పొర పూర్తిగా ఆరాకే ఇంకో పొర. మే నెలలో మన ఎండకి సాయంత్రానికే ఆరిపోతుంది, బ్రహ్మోత్సవాలు అయిపోయాక అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో మాత్రం తొందరపడొద్దు, తడి లోపల ఉండిపోతే బూజు పట్టి వాసన వస్తుంది. పురుగు పట్టకుండా బంకలో మైలుతుత్తం వేయమని పెద్దవాళ్ళు చెప్తారు, అది విషం, పిల్లలు తిరిగే ఇంట్లో వద్దు. బదులుగా పైన రంగు, వార్నిష్ అన్ని పక్కలా ఖాళీ లేకుండా వేస్తే పురుగుకి దారి ఉండదు.

ఎండీఎఫ్ మంచిదా, చెక్క మంచిదా?

ఇంటి లోపలికి ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే బోర్డు) చాలు. చిన్న అక్షరాలకు 3 మి.మీ., ఒక మాదిరి వాటికి 5.5 లేదా 6 మి.మీ., టేబుల్ మీద నిలబెట్టాలంటే 12 లేదా 18 మి.మీ. సన్న షీట్లు లేజర్‌లో శుభ్రంగా కట్ అవుతాయి, అంచు నల్లగా కాలినట్టు వస్తుంది, సాండ్ పేపర్ పట్టి రంగేస్తే పోతుంది. లావు బోర్డు అయితే వడ్రంగి ఆచారి దగ్గర జిగ్‌సా రంపంతో కోయించుకోండి. ఇంట్లో కోస్తే గానీ రుద్దితే గానీ మాస్క్ తప్పనిసరి, ఎండీఎఫ్ పొడి చాలా సన్నం, అందులో ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురు ఉంటుంది, ఆరుబయట చేసుకోవడం మేలు. ఇంకోటి, దానికి నీళ్ళంటే పడవు, తడిస్తే ఉబ్బి అంచులు పొరలు పొరలుగా విచ్చుకుంటుంది.

చెక్క అనగానే కొందరు ఎర్రచందనం ముక్క దొరుకుతుందా అని అడుగుతారు, ఎర్రచందనంతో చేసే మరపాచి బొమ్మలు చూసిన మనసు కదా. ఎర్రచందనం మన శేషాచలం చెట్టు, దాని మీద కఠినమైన చట్టాలున్నాయి, ఎవరో తెచ్చిచ్చిన ముక్క కొనకండి, ఎంత చిన్నదైనా సరే. చెక్కడం పనితో అక్షరం కావాలనుకుంటే ఏర్పేడు దగ్గర మాధవమాల ఊరు ఉంది, చెక్క శిల్పాలకు పేరున్న ఊరు, పండగ హడావిడి లేనప్పుడు పోయి మాట్లాడి చేయించుకోండి. మిషన్ మీద కోసిన దానికి, ఉలితో తీసిన దానికి తేడా అక్షరం అంచు మీద వేలు పెట్టి చూస్తేనే తెలిసిపోతుంది.

అమ్మ పట్టుచీర, కలంకారీ బట్ట అక్షరానికి చుట్టొచ్చా?

చుట్టొచ్చు, నాకు బాగా ఇష్టమైన రకం ఇదే. చిరిగిపోయిన పట్టుచీరలో కూడా అంచు బాగానే ఉంటుంది, దాన్ని బీరువాలో మడతపెట్టి ఉంచే బదులు ఆ అంచుతో బిడ్డ పేరు చేసి ఇస్తే ఆ ఇంట్లో దాని విలువే వేరు. అయితే అమ్మను అడిగి కట్ చేయండి, చిరిగిన చీరైనా సరే.

పద్ధతి ఇది. అక్షరం కట్ చేసుకుని పైన పాత కాటన్ గుడ్డ ఒక పొర అంటించండి, అప్పుడు అట్ట గరుకు బయటికి తెలీదు. పట్టు బట్టను బోర్లా పరిచి దాని మీద అక్షరం కూడా బోర్లా పెట్టి, చుట్టూ ఒకటిన్నర అంగుళం వదిలి కట్ చేయండి. ఇప్పుడు అంచులు వెనక్కి మడవాలి. బయటి వంపు దగ్గర బట్ట ఎక్కువై కుచ్చులు పడుతుంది, అక్కడ చిన్న చిన్న వీ ఆకారంలో ముక్కలు తీసేయాలి. లోపలి వంపు దగ్గర బట్ట చాలక లాగుతుంది, అక్కడ నేరుగా గాట్లు పెట్టాలి, గాటు అట్ట అంచుకి 2 మి.మీ. దూరంలో ఆగిపోవాలి, అంచు దాకా పోతే ముందు నుంచి దారాలు కనిపిస్తాయి. ర, వ, చ లాంటి వాటి లోపలి గుండ్రానికి మధ్యలోంచి నక్షత్రంలాగా గాట్లు పెట్టి ఒక్కో రెక్క వెనక్కి లాగి అంటించాలి. జిగురు ఎప్పుడూ అట్ట వెనక రాయండి, పట్టు మీద రాయొద్దు, ముందుకి ఊరి మరక పడితే ఇంక పోదు. నీళ్ళు కలిపిన ఫెవికాల్ అసలు వాడొద్దు.

కలంకారీకి ఇంకో జాగ్రత్త. శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీసే బట్టని కరక్కాయ, గేదె పాలల్లో నానబెట్టి, బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన కసిమితో నల్ల గీతలు గీస్తారు, అంత పని చేసిన బొమ్మను అక్షరం కోసం కత్తిరించడం నాకు మనసొప్పదు, దాన్ని దాని మానాన పటం కట్టించండి. కత్తిరించడానికి అచ్చు వేసిన కలంకారీ మీటర్ లెక్కన దొరుకుతుంది, అది తీసుకోండి, అందులో కూడా దేవుళ్ళ ముఖాలు మడతలోకి పోకుండా పూలు, లతలు ఉండే భాగం చూసుకోండి. సహజ రంగులు ఎండకి వెలుస్తాయి కాబట్టి కిటికీ ఎదురు గోడ వద్దు.

ఉలన్ దారం, పురికొస చుట్టే అక్షరాలు?

ఇంగ్లీష్ అక్షరాల్లో కర్రలాంటి గీతలు ఎక్కువ కాబట్టి అడ్డంగా చుట్టేస్తారు, మన అక్షరం వంపు మీద అట్లా చుడితే దారం జారి ఒక పక్కకు చేరిపోతుంది. అడ్డంగా చుట్టకుండా అక్షరం రాసే దారిలోనే, పలక మీద దిద్దినట్టు, బయటి అంచు నుంచి లోపలికి వరస పక్కన వరస అంటించుకుంటా పోండి. పురికొసతో చేస్తే పాత పెంకుటింటి కళ వస్తుంది, దాని మీద రెండు గవ్వలు, ఒక చిన్న అద్దం చాలు.

ఫోటోలు అంటించిన అక్షరం పెళ్ళిరోజుకి ఇవ్వాలి, ఫోటోలు పాడవకుండా ఎట్లా?

ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌లో తీసిన ఫోటో మీద జిగురు పూస్తే రంగు కారిపోతుంది. స్టూడియోలో మ్యాట్ ప్రింట్ తీయించండి, లేదా లేజర్ ప్రింట్. అసలు పాత ఫోటోలు ఎట్టి పరిస్థితుల్లోనూ కత్తిరించొద్దు, స్కాన్ చేయించి కాపీలు వాడండి. మనుషుల ముఖాలు అక్షరం వెడల్పుగా ఉండే చోట రావాలి, కాబట్టి అంటించే ముందు అన్నీ పేర్చి ఫోన్‌లో ఒక ఫోటో తీసి చూసుకోండి.

ఏ రంగులు వాడాలి? పిల్లల రూములో పెడితే ప్రమాదం లేదా?

ఎండీఎఫ్ అయితే ముందు ప్రైమర్, అంచులకు లప్పం పట్టించి రుద్ది, తర్వాత ఆక్రిలిక్ రంగు పల్చగా రెండు మూడు కోట్లు. అంచులు రంగును పీల్చేస్తాయి కాబట్టి లప్పం మానేస్తే ముఖం నున్నగా, పక్కలు గరుగ్గా ఉంటుంది. నీళ్ళలో కలిసే ఆక్రిలిక్ వాసన తక్కువ, తొందరగా ఆరుతుంది, పిల్లల రూముకి అదే మంచిది. ఆయిల్ ఎనామిల్ ఒక్కో కోటుకి రాత్రంతా వదలాలి, వాసన పోవడానికి ఇంకా టైం పడుతుంది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని మన దేశంలో 2017 నవంబర్ నుంచి రూల్ అమల్లో ఉంది, డబ్బా మీద అది రాసి ఉందో లేదో చూసి కొనండి, అటక మీద ఉండే పాత డబ్బాలు పిల్లల వస్తువులకు వాడొద్దు.

3 ఏళ్ళలోపు పిల్లలుంటే పూసలు, గుండీలు, కుందన్లు వద్దు, ఊడితే నేరుగా నోట్లోకే పోతాయి. ఉయ్యాల పైన, మంచం తలవైపు బరువు అక్షరాలు పెట్టకండి, ఎదురు గోడకి పెట్టండి, బిడ్డ చూసుకుంటుంది కూడా.

ఫెవికాలా, గ్లూ గన్నా?

అట్ట, చెక్క, బట్టకి ఫెవికాల్, ఒక రాత్రి బరువు పెట్టి వదిలేస్తే ఇంక ఊడదు. గ్లూ గన్ టక్కున అంటుకుంటుంది కానీ వేడికి మెత్తబడుతుంది, మన ఎండలకు పడమటి గోడ, బయటి తలుపు మీద పెట్టినవి మధ్యాహ్నానికి జారుతాయి. కాబట్టి గ్లూ గన్ పట్టి ఉంచడానికి మాత్రమే, అసలు బలం ఫెవికాల్‌దే.

బారసాలకి పేరు ముందే తెలియదు కదా, అక్షరాలు ఎట్లా రెడీ చేయాలి?

నిజమే, మన ఇళ్ళల్లో నక్షత్ర పాదం చూసి అక్షరం చెప్తారు, అశ్విని అయితే చు, చే, చో, లా అట్లా, దాన్ని బట్టి ఇంట్లో వాళ్ళు ఆఖరి దాకా పేరు తేల్చరు. మొదటి అక్షరం తేలగానే దాన్ని ఒక్కదాన్ని పెద్దగా, లావుగా చేసి పెట్టుకోండి, వెనక పలక రంగేసి సిద్ధంగా ఉంచండి. మిగతా పేరు చార్టులో చిన్న అక్షరాలుగా ఒక్క సాయంత్రంలో కట్ చేసి చేర్చొచ్చు. ఒక చిన్న మాట, బియ్యంలో పేరు రాసే దాకా పేరు బయటపెట్టని ఇళ్ళున్నాయి, అట్లాంటి చోట పలక మీద పట్టు గుడ్డ కప్పి ఉంచి, తండ్రి పేరు రాశాక తీయించండి, అందరూ చప్పట్లు కొడతారు.

ఇంటి ముందు పేరు బోర్డుకి ఇదే పద్ధతి పనికొస్తుందా?

పనికిరాదు, బయటికి ఎండీఎఫ్, అట్ట, బట్ట ఏదీ నిలవదు. ఆక్రిలిక్, ఏసీపీ షీట్ (రెండు పక్కలా అల్యూమినియం రేకు ఉండేది), డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపిన బోర్డు), లేదా టేకు చెక్క వాడండి. గోడకు అంటించేయకుండా చిన్న స్టడ్లు పెట్టి అర అంగుళం ఎడం వదిలితే వాన నీళ్ళు వెనక నిలవవు, ఆ ఎడంలో పడే నీడ వల్ల అక్షరం అందంగా ఉంటుంది. సైన్ బోర్డుల వాళ్ళ లెక్క ప్రకారం 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు అక్షరం, కానీ శ్రీనివాస నిలయం అని రాస్తే గుడులు, వత్తులు ఆ ఎత్తులోనే ఇమడాలి కాబట్టి నేనైతే దానికి సగం కలిపి ఒకటిన్నర చేయమంటాను. గేటు రోడ్డుకి 30 అడుగులుంటే నాలుగున్నర అంగుళాలు. గోడ రాయి రంగులో ఉంటే బంగారు రంగు అక్షరం పగలు కనిపించదు, నల్లదో తెల్లదో పెట్టండి.

గోడకి మేకులు కొట్టకుండా తగిలించొచ్చా?

అద్దె ఇళ్ళ వాళ్ళు అడిగే ప్రశ్న ఇది. తేలిక అక్షరాలకు డబుల్ సైడ్ టేప్ చాలు, కానీ సున్నం, డిస్టెంపర్ గోడలకు టేప్ పట్టదు, పొరతో సహా ఊడి కింద పడుతుంది. అట్లాంటి చోట అన్నీ ఒకే పలక మీద చేసి అల్మారా పైనో షోకేసులోనో నిలబెట్టండి.

ఓం, శ్రీ, గోవింద, తిరునామం లాంటివి చేయొచ్చా? పాతబడితే ఏం చేయాలి?

చక్కగా చేయొచ్చు, మన ఊర్లో అవే ఎక్కువ అడుగుతారు. కాళ్ళు తగిలే ఎత్తులో, బాత్రూం గోడకి అవతల పక్క పెట్టకుండా చూసుకుంటే చాలు. స్వామివారి పూలు ఎండబెట్టి అక్షరంలో పెట్టాలంటే రేకులు పెళపెళలాడేంత ఎండాలి, కొంచెం తడి ఉన్నా వాటి మీద పోసే రెసిన్‌లో (అద్దంలాగా గట్టిపడే ద్రవం) గోధుమ రంగుకి తిరుగుతాయి. టీటీడీ వాళ్ళు వాడిన పూలతో అగరబత్తులు, ఎండు పూలతో పటాలు చేయించి అమ్ముతున్నారు, ఒకసారి ఆ పటాలు దగ్గర్నుంచి చూడండి, రేకుని రేకు మీద ఎట్లా పేర్చారో తెలుస్తుంది. పాతబడినవి కోనేట్లోనో చెరువులోనో వేయకండి, రంగు, జిగురు నీళ్ళలో కలుస్తుంది. కాగితం, బట్ట అయితే ఇంట్లోనే బకెట్ నీళ్ళలో నానబెట్టి చెట్టు మొదట్లో పెట్టండి, బోర్డు అయితే రుద్ది కొత్త రంగేసి మళ్ళీ వాడండి.

ఎండాకాలం సెలవుల్లో పిల్లలతో చేయించొచ్చా?

తప్పకుండా. 5, 6 ఏళ్ళ వాళ్ళకి మీరు కట్ చేసిచ్చి చింతగింజలు, కందిపప్పు, రంగు కాగితం ముక్కలు అంటించమనండి, అక్షరం దిద్దే దారి వేళ్ళతో తెలుస్తుంది, రాయడం మొదలుపెట్టే పిల్లలకి ఇది నిజంగా సాయం చేస్తుంది. కట్టర్ బ్లేడు, గ్లూ గన్ మాత్రం పెద్దవాళ్ళ చేతిలోనే.

ఇవి చేసి అమ్మొచ్చా, రేటు ఎట్లా పెట్టాలి?

అమ్మొచ్చు. సామాను ఖర్చు, కటింగ్ షాపు ఖర్చు, మీరు కూర్చున్న గంటలకు కూలి, ప్యాకింగ్, ఇవన్నీ కలిపి పైన కొంచెం లాభం. చాలామంది ఆడవాళ్ళు గంటల కూలి వేసుకోరు, ఇంట్లో కూర్చునే చేశాను కదా అంటారు, అది వేసుకోకపోతే నాలుగు ఆర్డర్ల తర్వాత విసుగొచ్చి మానేస్తారు. అక్షరానికి ఇంత అని కాకుండా ముక్కల లెక్కన చెప్పండి, ఎందుకంటే రవి, విష్ణుప్రియ ఒకే రేటుకి చేయలేరు. పేరు ఎట్లా రాస్తారో వాళ్ళ చేతే తెలుగులో టైప్ చేయించి తీసుకోండి, దీపికా, దీపిక రెండూ ఉంటాయి. సగం అడ్వాన్స్ తీసుకోండి, పేరు వేసింది ఇంకొకరికి అమ్ముడుపోదు.

దుమ్ము పడితే ఎట్లా తుడవాలి?

రంగు వేసినవి మెత్తటి పొడి గుడ్డతో. ఉలన్, పట్టు చుట్టినవాటికి పాత పెయింట్ బ్రష్ పొడిదే పెట్టుకుని పై నుంచి కిందికి దులపండి, తడి గుడ్డ పెడితే దుమ్ము బట్టలోకి ఇంకిపోతుంది. నెలకొకసారి చాలు.